అనధికార చప్పట్లు

రాష్ట్ర నాద సంరక్షణ మండలి వారి పద్నాలుగో నిబంధన ఒక తుమ్ములోంచి పుట్టింది.

ఇరవై రెండేళ్ళ కిందట విశాఖపట్నంలో మండలి వారి నాదభవనంలో ఒక పెద్ద విద్వాంసుడు తోడి రాగం ఆలాపన చేస్తున్నాడు. ఆలాపన మంచి పట్టులో ఉండగా మూడో వరసలోని పెద్దమనిషి ఎవరో తుమ్మారు. అల్లాటప్పా తుమ్ము కాదు. ఆ రికార్డింగు రాజధానికి వెళ్ళింది. అక్కడొక పెద్ద అధికారి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకుని వింటూ, సరిగ్గా ఆ తుమ్ము దగ్గర ఉలిక్కిపడి వేడి వేడి కాఫీ ఒళ్ళో పోసుకున్నారు. తుమ్మినదెవరో తేల్చడానికి ఐదుగురు సభ్యుల సంఘం ఎనిమిది నెలలు కూర్చుంది. తేలలేదు. తేలకపోయేసరికి సంఘం వారు మూలానికే మందు వేశారు. శ్రోతలుంటేనే కదా తుమ్ములుంటాయి! కాబట్టి రికార్డింగు జరుగుతున్నప్పుడు హాల్లో శ్రోతలు ఉండరాదు, గానధ్వని తప్ప మరే ధ్వని వినిపించినా సదరు రికార్డింగు లోపభూయిష్టముగా పరిగణింపబడును అని పద్నాలుగో నిబంధన రాసి, ఐదుగురూ సంతకాలు పెట్టి ఇళ్ళకి వెళ్ళారు.

ఆనాటి నుంచీ నాదభవనంలో పాడేవాళ్ళందరూ పన్నెండు వందల ఖాళీ కుర్చీలకి పాడుతున్నారు. ఇదేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఉన్నమాట చెప్పుకోవాలంటే కొందరు గాయకులకి ఆ ఏర్పాటే హాయిగా ఉంది.

ఆ పాటలన్నీ పట్టి దాచే ఉద్యోగం మజ్జి అప్పలసూరిది. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసు. హాలు వెనక అద్దాల గదిలో కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు, ముందు మీటలు. మనిషి నెమ్మదస్తుడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ముఖం చూడడు, గొంతు ఎక్కడ పగులుతోందో వింటాడు. మండలిలో ఇంతమంది అధికారులున్నా చెవులున్న ఉద్యోగం మాత్రం అతనొక్కడిదే.

అలాంటి చోటికి మరిసెల్ దలిసాయ్ వచ్చింది.

ఆమె ఫిలిప్పీన్స్ దేశపు పాప్ గాయని. పదిహేనో ఏట ఊరి పండగలో పాటల పోటీ గెలిచింది, పదహారో ఏట మొదటి ఆల్బం. ఆ దేశంలో మంగలి షాపు మొదలుకుని పడవల రేవు దాకా ఆమె గొంతు మోగని చోటు లేదట. అలా ఏడు ఆల్బంలు నడిచాయి. ఆ తర్వాత స్టూడియోల్లోకి గొంతుని సరిదిద్దే యంత్రాలు వచ్చాయి. కంపెనీ వాళ్ళు బాగున్న గొంతుని కూడా సరిదిద్దారు. తర్వాతి రెండు ఆల్బంలు విన్న జనం, పాడేది యంత్రం, ఈవిడ పెదాలు కదుపుతుంది అన్నారు. ఆ మాట అంటుకున్నాక ఇక వదల్లేదు. చివరికి కంపెనీ తేల్చి చెప్పింది: నెలాఖరు ఆదివారంలోగా ఒక లైవ్ ఆల్బం ఇవ్వాలి, జనం ముందు పాడాలి, జనం గోల అందులో వినపడాలి. అలా ఇవ్వకపోతే ఒప్పందం చెల్లు. ఇరవై ఏళ్ళ రికార్డుల బతుకు అక్కడితో సరి.

ఇందుకోసం విశాఖపట్నం దాకా ఎందుకు వచ్చిందంటే, అందుకూ కారణముంది. మన పిల్లలు వైద్యం చదవడానికి వందల సంఖ్యలో ఆ దేశంలోని దవావో పట్నానికి వెళ్తారు. అలా వెళ్ళినవాళ్ళలో డాక్టర్ బెహరా మాధురి ఒకతె. అక్కడి హాస్టల్లో అన్నం సయించక, ఇంటి మీద బెంగతో ఏడ్చిన రోజుల్లో కింద క్యాంటీన్‌లో మరిసెల్ పాటలు మోగేవి. ఇప్పుడు మాధురి విశాఖలో పిల్లల డాక్టరు. తనలాగే దవావోలో చదివొచ్చిన నలభై రెండు మంది డాక్టర్లని కూడగట్టి, విశాఖ వచ్చి పాడమని ఆమెకి ఉత్తరం రాసింది. మరిసెల్ వెంటనే ఒప్పుకుంది. మనీలాలో పాడితే జనాన్ని కంపెనీయే లారీల్లో తోలుకొచ్చిందంటారు, సముద్రాలు దాటి పాడితే ఆ మాట అనలేరు కదా అని ఆమె ఆలోచన. పాపం, మన మండలి సంగతి ఆమెకేం తెలుసు?

ఊళ్ళో రికార్డింగుకి పనికొచ్చే హాలు నాదభవనం ఒక్కటే. మండలి సంచాలకులు డాక్టర్ కొచ్చెర్లకోట పురుషోత్తమమూర్తి గారు ఆమెని శాలువా కప్పి ఆహ్వానించారు. ఆయన గదిలో మరిసెల్, మాధురి, ఒక మూల అప్పలసూరి.

“ప్రత్యక్ష ఆల్బం!” అన్నారు సంచాలకులు గారు, కళ్ళు సగం మూసి. “మండలి చరిత్రలో ప్రప్రథమం. ఇందుకు మండలి సంపూర్ణ సహకారాన్ని అందించగలదు. అయితే పద్నాలుగో నిబంధన దృష్ట్యా శ్రోతలను అనుమతించుటకు వీలుపడదు.”

“సార్, జనం లేకపోతే అది లైవ్ ఎలా అవుతుందండి?” అంది మాధురి.

“అమ్మా, గాయని సజీవంగానే ఉన్నారు కదా?”

మాధురి ఆ ముక్క అనువదించలేదు. జనం గోల వినపడకపోతే ఈవిడ ఉద్యోగమే పోతుందని, ఆదివారం దాకానే గడువని, మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. సంచాలకులు గారు చాలాసేపు ఆలోచించారు. ఆలోచిస్తున్నప్పుడు ఆయన కుడికాలు ఊగుతుంది. అది ఆగిందంటే ఏదో ఒక ఉత్తర్వు తయారైనట్టే.

ఆగింది.

“రెండు దశలు,” అన్నారాయన. “ప్రథమ దశలో శ్రోతలు లేకుండా గాయని. ద్వితీయ దశలో గాయని లేకుండా శ్రోతలు. పిమ్మట ఉభయ ధ్వనులను సమ్మేళనం చేయవలెను. నిబంధనకు భంగం లేదు, ఆల్బంకు లోటు లేదు.”

అప్పలసూరి ఉండబట్టలేకపోయాడు. “సార్, ఇద్దర్నీ ఒకేరోజు ఒకే హాల్లో కూకోబెట్టీస్తే అయిపోద్ది కదండీ?”

“అప్పలసూరీ, నువ్వు సాంకేతిక సిబ్బందివి. ఇది విధానపరమైన అంశం.”

సరే, శ్రోతల ఎంపిక మొదలైంది. నాలుగు పేజీల దరఖాస్తు, రెండు పాస్‌పోర్టు ఫోటోలు, దరఖాస్తుదారుకి తుమ్ములు, దగ్గు, ఎక్కిళ్ళు లేవని ప్రభుత్వ వైద్యుడి ధ్రువపత్రం. మాధురి, ఆమె వెంట నలభై రెండు మంది డాక్టర్లూ అందరికన్నా ముందు దరఖాస్తు పెట్టుకున్నారు. అందరివీ తిరస్కరించారు. ఏడో గడిలో ‘మీకు సదరు గాయని పాటలతో పూర్వపరిచయం కలదా?’ అన్న ప్రశ్న ఉంది. వీళ్ళు అమాయకంగా కలదు అని రాశారు.

“ముందే ఇష్టం ఉన్నవారు నిష్పక్షపాతంగా చప్పట్లు ఎలా కొట్టగలరు?” అని సంచాలకులు గారు మాధురికి నచ్చజెప్పారు. “రేపు ఎవరైనా కోర్టుకు వెళితే మండలి ఏమని జవాబు చెప్పాలి?”

ఆ విధంగా వడపోసి, మరిసెల్ పేరు జన్మలో విననివారిని మూడు వందల పన్నెండు మందిని తేల్చారు. నీటిపారుదల శాఖ గుమాస్తాలు, రిటైరైన హెడ్మాస్టర్లు, భూమి కొలతల ఆఫీసు వాళ్ళు. మూడు రోజులు శిక్షణ. డ్రిల్లు మాస్టారు ఒకాయన వచ్చి చప్పట్లు నాలుగు రకాలని విభజించి నేర్పారు: స్వాగత చప్పట్లు, సాధారణ చప్పట్లు, విశేష చప్పట్లు, వీడ్కోలు చప్పట్లు. విశేషం అంటే పదకొండు, అంతకుమించి కొట్టరాదు. ‘వన్స్ మోర్’ అనే పరభాషా కేకకి బదులు ‘పునరపి’ అని ముమ్మారు పలకాలని పరిభాషా ఉపసంఘం నిర్ణయించింది. ఈల సంగతి మాత్రం తేలక అభిప్రాయం కోసం మహిళా సంక్షేమ శాఖకి పంపారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

సోమవారం ఉదయం పదకొండింటికి ప్రథమ దశ. మరిసెల్ గిటారు పట్టుకుని వేదిక మీదికి వచ్చి, ఎదురుగా పన్నెండు వందల కుర్చీలు చూసి, అలా నిలబడిపోయింది. జనం ఆలస్యంగా వస్తారా అని మాధురిని అడిగింది. రెండు దశల సంగతి చెప్పడానికి అంతవరకూ మనసొప్పని మాధురి, రేపు వస్తారని చెప్పింది. చెప్పి తలుపు బయటికి వెళ్ళి నిలబడింది. దుబాసీగా ఆమెకి హాలు గుమ్మం దాకానే అనుమతి.

మరిసెల్ పాడడం మొదలుపెట్టింది. మొదటి నాలుగు పాటలూ ఎవరికో అప్పజెప్పినట్టు పాడింది. గొంతులో తప్పు లేదు, ప్రాణం కూడా లేదు. అప్పలసూరి హెడ్‌ఫోన్లలో వింటూ అయ్యో అనుకున్నాడు. ఇంతటి గొంతుని తెచ్చి కుర్చీలకి అప్పగించాం కదా అని అతనికి సిగ్గేసింది.

ఐదో పాట అయ్యాక మైకు తీగ కొంచెం గరగరమంది. సరిచేయడానికి అతను అద్దాల గది వదిలి వేదిక దాకా వచ్చాడు. తిరిగి వెళ్ళేలోపే ఆమె ఆరో పాట ఎత్తుకుంది. కదిలితే చెప్పుల చప్పుడు రికార్డవుతుందని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. ముప్ఫై ఒక్కేళ్ళలో అద్దం అడ్డు లేకుండా అతను ఒక పాట వినడం అదే మొదలు.

అది పడవ ఎక్కి పనికోసం పోతున్న పిల్ల రేవులో నిలబడ్డ తల్లిని పిలిచే పాట. ఇంజను మోతలో పిలుపు తల్లికి వినపడదు. పిల్ల మళ్ళీ పిలుస్తుంది, ఇంకొంచెం దూరం నుంచి. ఒక్క మాట అర్థం కాకపోయినా సంగతంతా అప్పలసూరికి తెలిసిపోయింది. చివరి పిలుపు దగ్గర ఆమె గొంతు సన్నగా పైకి వెళ్ళి, ఎక్కడా వణక్కుండా అక్కడే ఆగిపోయింది.

అప్పలసూరి చప్పట్లు కొట్టాడు. నాలుగు.

కొట్టాక గానీ తనేం చేశాడో తెలియలేదు. మరిసెల్ మాత్రం మెట్టు మీద కూర్చున్న ఆ బట్టతల మనిషిని చూసి నవ్వింది. మిగతా నాలుగు పాటలూ అతనికే పాడింది. అవి వింటుంటే అప్పలసూరికి తన పింఛను, పద్నాలుగో నిబంధన, రెండూ గుర్తుకు రాలేదు.

మంగళవారం ద్వితీయ దశ. గాయని ఉండరాదు కనుక ఆమె స్థానంలో ఆమె ఫోటో పెట్టమన్నారు. ఫోటోని వేదిక మీద కుర్చీలో నిలబెట్టిన ఉద్యోగి పద్ధతి తెలిసినవాడు. మండలిలో ఏ ఫోటో పెట్టినా దండ వేయడం, రెండు అగరొత్తులు వెలిగించడం అలవాటు. ఈ ఫోటోకీ అలాగే చేశాడు. మూడు వందల పన్నెండు మంది వరసగా లోపలికి వచ్చారు. దండ చూశారు, అగరొత్తులు చూశారు. వాళ్ళూ సభల్లో నలిగిన మనుషులే కదా! ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు లేచి చేతులు కట్టుకుని తలవంచారు. అంతే, హాలు హాలంతా లేచి రెండు నిమిషాలు మౌనం పాటించింది.

గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న మరిసెల్, వాళ్ళేం చేస్తున్నారని మాధురి చెవిలో అడిగింది. “గౌరవమమ్మా, మీ మీద గౌరవం,” అంది మాధురి.

ఆ రెండు నిమిషాల మౌనమూ రికార్డయింది. శబ్ద నాణ్యతకి అంతకన్నా మేలైన రికార్డింగు మండలి చరిత్రలో లేదని తర్వాత పరిశీలన సంఘం మెచ్చుకుంది.

ఆ తర్వాత పచ్చ లైటు వెలిగితే చప్పట్లు, ఎర్ర లైటు వెలిగితే ఆపడం. విశేష చప్పట్లు పదకొండూ లెక్క తప్పకుండా పడ్డాయి. పునరపి పునరపి పునరపి అని మూడు వందల పన్నెండు గొంతులు బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు పలికాయి. ఒక్కడు తుమ్మితే ఒట్టు.

బుధవారం అప్పలసూరి రెండు ధ్వనుల్నీ కలిపి మరిసెల్‌కి వినిపించాడు. రెండు నిమిషాలు వినేసరికి ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. మెల్లగా ఏదో అంది.

“ఏటంటన్నారమ్మా?” అని అడిగాడు అప్పలసూరి.

“వీళ్ళు ఎవరికోసం చప్పట్లు కొడుతున్నారు అంటున్నారండి,” అంది మాధురి. “మనీలాలో ఒక్క నిమిషం వింటే చాలట, పాట యంత్రం పాడిందని ఇన్నాళ్ళూ అన్నారు, ఇప్పుడు చప్పట్లు కూడా యంత్రమే కొట్టిందంటారట.” అంటుంటే మాధురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మా వాళ్ళని రానిచ్చి ఉంటే హాలు ఎగిరిపోయేదండీ. నేనే పిలిచి ఈవిడ గొంతు కోసినట్టయింది.”

మరిసెల్ మళ్ళీ ఏదో అంది. ఈసారి అప్పలసూరిని చూపిస్తూ. ఆ నాలుగు చప్పట్లు మాత్రం ఉంచమంటోంది. మొత్తం ఆల్బంలో మనిషి ఉన్నట్టు అనిపించింది అక్కడేనట.

ఉంచుదామనుకునేలోపే గురువారం పొద్దున పరిశీలన సంఘం ప్రథమ దశ రికార్డింగు విన్నది. ఇరవై ఏడో నిమిషం, పద్నాలుగో సెకను దగ్గర ఆగింది. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. హాల్లో శ్రోతలెవరూ లేని రోజున, శిక్షణ పొందని, ధ్రువపత్రం లేని, నాలుగు రకాల్లో ఏ రకానికీ చెందని చప్పట్లు నాలుగు! మండలిలో కలకలం రేగింది. మధ్యాహ్నానికల్లా రికార్డింగుకి లక్క సీలు వేసి బీరువాలో పెట్టారు. సాయంత్రానికి అప్పలసూరి చేతికి ఛార్జి మెమో వచ్చింది. విచారణ పూర్తయ్యేవరకూ రికార్డింగు ఎవరికీ ఇవ్వరాదు. శనివారం ఉదయం మరిసెల్ విమానం.

మాధురి సంచాలకుల గదిలోకి దాదాపు పరిగెత్తింది. “సార్, ఆదివారంలోగా అది మనీలా చేరకపోతే ఆవిడ పని అయిపోయినట్టే సార్. విచారణ తర్వాత పెట్టుకోండి. దయచేసి.”

“అమ్మా, మండలి నిర్దయగా వ్యవహరించదు,” అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. “విచారణను శీఘ్రతరం చేయగలం. రేపు ఉదయం పదిన్నరకు. గాయనిని ప్రధాన సాక్షిగా పిలిపిస్తాం.”

శుక్రవారం పదిన్నరకి మండలి సమావేశ మందిరంలో విచారణ కూర్చుంది. సంచాలకులు గారు అధ్యక్షులు, ఆరుగురు సభ్యులు, మినిట్సు రాయడానికి సూపరింటెండెంటు. నలభై ఒకటో నిబంధన ప్రకారం విచారణ మొత్తం రికార్డు చేయాలి. మండలిలో రికార్డిస్టు ఒక్కడే. ఆ ఒక్కడే నిందితుడు. దీనిపై న్యాయ సలహా తీసుకుని, నిందితుడు రెండు హోదాలలో వేర్వేరుగా హాజరు కావలెనని నిర్ణయించి అతనికి రెండు కుర్చీలు వేశారు. అప్పలసూరి రికార్డిస్టు కుర్చీలో కూర్చుని మీట నొక్కి, లేచి వచ్చి నిందితుడి కుర్చీలో కూర్చున్నాడు.

“ఇరవై ఏడో నిమిషంలోని చప్పట్లు నీవేనా?”

“నావేనండి.”

“ఎవరి ఆదేశం మేరకు కొట్టావు?”

“ఎవురూ చెప్పలేదండి.”

“ఆదేశం లేకుండా చప్పట్లు ఎలా వస్తాయి?” సంచాలకులు గారు అది వెక్కిరింతగా అడగలేదు. ఆయనకి నిజంగా తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో అలాంటి చప్పట్లు ఆయన చూడలేదు.

అప్పలసూరి తల దించుకున్నాడు. మీటర్లో ముల్లు ఎక్కువగా కదులుతుంటే లేచి వెళ్ళి, రికార్డిస్టు హోదాలో ధ్వని కాస్త తగ్గించి, మళ్ళీ వచ్చి తల దించుకున్నాడు.

సాక్షిని పిలిచారు. పేరు చెప్పింది. వృత్తి ఏమిటని అడిగారు.

“పాటలు పాడడం,” అని మాధురి అనువదించింది. “ఈ ఆదివారం దాకా.”

సభ్యుల్లో ఒకాయన, చప్పట్లు ఉద్దేశపూర్వకమా, ఆకస్మికమా అన్నది తేలాలన్నాడు. ఇంకొకాయన, నేరస్థలాన్ని పునర్నిర్మించి చూడాలన్నాడు. సాక్షి ఆ ఆరో పాటని ఇక్కడే పాడితే నిందితుడు యథాతథంగా చప్పట్లు కొట్టి చూపించాలి. సంచాలకులు గారి కుడికాలు ఊగి, ఆగింది.

“ఒక్క పాట చాలదు. సందర్భం లేకుండా నేరమును నిర్ధారించరాదు. మొదటి పాట నుండి వరుసగా పాడినచో ఆరో పాట నాటికి నిందితుడి మానసిక స్థితి ఎట్లుండెనో తెలియును. సాక్షి మొదటి పాట పాడవచ్చును.”

మరిసెల్ గిటారు తెప్పించుకుంది. ఒకసారి చుట్టూ చూసింది. ఎదురుగా ఎనిమిది మంది మనుషులు, మనుషులే, కుర్చీలు కావు. చిన్నగా నవ్వి, దవావో నుంచి వచ్చిన మన పిల్లలు ఉత్తరాల్లో నేర్పిన తెలుగులో అడిగింది: “బాగున్నారా? తిన్నారా?”

“ఆఁ, ఆఁ, టిఫిన్ అయింది,” అన్నాడు సూపరింటెండెంటు, తనకి తెలియకుండానే. తర్వాత గతుక్కుమని మినిట్సులో రాసుకున్నాడు.

మొదటి పాటకి సభ్యులు గంభీరంగా కూర్చున్నారు. రెండో పాటకి పక్క సెక్షన్ల గుమాస్తాలు కిటికీల దగ్గర చేరారు. పాటకీ పాటకీ మధ్య సంచాలకులు గారు, “సాక్షి తదుపరి పాట పాడవచ్చును,” అంటూ వచ్చారు. మూడో పాటకి ఆ గొంతులో కాస్త తొందర వినిపించింది. నాలుగో పాటకి బల్ల కింద ఏడు జతల బూట్లు తాళం వేస్తున్నాయి. ఈలోగా మాధురి ఎవరికి ఫోన్ చేసిందో గానీ, సాక్షులమంటూ డాక్టర్లు ఒక్కొక్కరే వచ్చి గోడ వారన నిలబడ్డారు. సాక్షులని బయటికి పంపే నిబంధన లేదు.

ఆరో పాట వచ్చింది. పడవ, రేవు, తల్లి. చివరి పిలుపు పైకి వెళ్ళి ఆగింది. ఉత్తర్వు ప్రకారం అప్పలసూరి నాలుగు చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడు మండలి వారి అలవాటు ఒకటి చెప్పాలి. ఏళ్ళ తరబడి సభల్లో ముందు వరసలో కూర్చున్న చేతులవి. మాటలు విన్నా వినకపోయినా, ఎవరో ఒకరు చప్పట్లు మొదలెడితే చాలు, ఆ చేతులు వాటంతటవే లేస్తాయి. ఇక్కడా లేచాయి. సభ్యులు ఆరుగురూ కొట్టారు. సూపరింటెండెంటు కలం పడేసి కొట్టాడు. కిటికీల అవతల కొట్టారు. డాక్టర్ల సంగతి సరేసరి. మామూలుగా అయితే ఆ చేతులు పది చప్పట్లకే చల్లారిపోవాలి. ఈసారి చల్లారలేదు. ఎవరో ఈల వేశారు. ఎవరో ఏడుస్తున్నారు. ఆ గోల మధ్యలోంచి, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎక్కడ దాక్కుందో తెలియని ఒక కేక, అధ్యక్షుల కుర్చీలోంచి బయటికి వచ్చింది.

“వన్స్ మోర్!”

మరిసెల్ ఆ పాట మళ్ళీ పాడింది. మిగతా నాలుగూ పాడింది. రికార్డిస్టు కుర్చీ ఖాళీగా ఉన్నా మీట నొక్కే ఉంది, ముల్లు ఎర్రగీత తగిలి కొట్టుకుంటూనే ఉంది.

చప్పుడు సద్దుమణిగాక సంచాలకులు గారు కండువా సర్దుకుని, విచారణ వాయిదా వేస్తున్నామని, రికార్డింగు సీలు మాత్రం విప్పేది లేదని ప్రకటించారు. మరిసెల్ ముఖం వాడిపోయింది. అప్పుడు అప్పలసూరి నెమ్మదిగా మాధురి పక్కకి వచ్చాడు.

“అమ్మా, ఆ సీలేసిందాని గొడవ వదిలీయండి. నలభై ఒకటో నిబంధనలో రెండో ముక్క ఉంది. సాక్షి కాయితం పెట్టి అడిగితే విచారణ రికార్డింగు నకలు ఇరవై నాలుగ్గంటల్లో ఇచ్చీయాలండి. సంచాలకులు గారి ముద్రతోటి.”

మాధురి కాగితం కోసం పరిగెత్తింది.

నిబంధన నిబంధనే కదా! సంచాలకులు గారు మారు మాట్లాడకుండా ముద్ర వేశారు. శనివారం ఉదయం విమానంలో ‘విచారణ ప్రతి, యథార్థమని ధ్రువీకరించడమైనది’ అని రాసి ఉన్న కవరు మనీలా వెళ్ళింది.

ఆల్బం వచ్చింది. కోతలూ దిద్దుబాట్లూ లేకుండా, కుర్చీల కిర్రుతో, సూపరింటెండెంటు టిఫిన్‌తో సహా వచ్చింది. పాడేది యంత్రమన్నవాళ్ళు నోళ్ళు మూశారు. ఇంతటి గోలని ఏ కంపెనీ డబ్బిచ్చి కొనలేదన్నారు. మరిసెల్‌కి మరో మూడు ఆల్బంలకి ఒప్పందం రాసిచ్చారు. అక్కడి పిల్లలకి ఏ ముక్క నచ్చుతుందో ఎవరు చెప్పగలరు? ‘సాక్షి తదుపరి పాట పాడవచ్చును’ అనే మాటని అర్థం తెలియకుండానే ఊరూరా కచేరీల్లో కోరస్‌గా అరుస్తున్నారట.

ఇక్కడ అప్పలసూరి నేరం రుజువైంది. హెచ్చరికతో వదిలారు. కానీ విచారణ సమయంలో అనుమతి లేకుండా చప్పట్లు కొట్టిన యాభై ఆరుగురి మీద కొత్త విచారణ మొదలైంది. అందులో మొదటి పేరు అధ్యక్షులదే. దానికీ ఆయనే అధ్యక్షులు.

ఇంతలో మనీలా నుంచి ఉత్తరం. గాయని రెండో లైవ్ ఆల్బం కూడా అక్కడే చేస్తానంటోంది, వచ్చే నెలలో మరొక విచారణ ఏర్పాటు చేయగలరా అని కంపెనీ వారు వినయంగా అడిగారు. సంచాలకులు గారు వారం రోజులు కాలు ఊపి సర్క్యులర్ ఇచ్చారు. విచారణకు నేరము అవసరము. మండలి ఆవరణలో నేరము చేయదలచిన సిబ్బంది ముందస్తు అనుమతికై నిర్ణీత నమూనాలో దరఖాస్తు చేసుకొనవలెను. గడులు మూడే: పేరు, చేయదలచిన నేరము, కారణము.

అప్పలసూరి దరఖాస్తు తీసుకున్నాడు. మొదటి గడిలో పేరు రాశాడు. రెండో గడిలో చప్పట్లు అని రాశాడు. మూడో గడి దగ్గర ఆలోచించడానికేమీ కనిపించలేదు. ‘పాట బాగుంటుంది’ అని రాసి, సంచాలకుల బల్ల మీది ట్రేలో వేయడానికి వెళ్ళాడు. భోజనాల వేళ, గదిలో ఎవరూ లేరు.

ట్రేలో అప్పటికే ఒక దరఖాస్తు ఉంది. ఆకుపచ్చ సిరాతో, గుండ్రటి అక్షరాలతో. పేరు: డాక్టర్ కొచ్చెర్లకోట పురుషోత్తమమూర్తి. నేరము: చప్పట్లు, మరియు కేక. కారణం గడిలో మాత్రం ‘పాలనాపరమైన ఆవశ్యకత’ అని రాసి కొట్టేసి ఉంది. ‘అంతర్జాతీయ సాంస్కృతిక సంబంధముల దృష్ట్యా’ అని రాసి కొట్టేసి ఉంది. మూడోసారి రాసింది సిరా అలికి ఏమీ కనపడటం లేదు. దాని కింద ఖాళీ.

పాపం, పెద్దాయనకి తోచలేదు. అప్పలసూరి తన దరఖాస్తుని దాని మీద వెయ్యకుండా, ఆ కాగితం పక్కనే మూడో గడి స్పష్టంగా కనిపించేలా పెట్టి వచ్చాడు, చూసి రాసుకుంటారని.